కారు పొగగొట్టము మార్చవలెనా? — తలిదండ్రులకొక విజ్ఞాన పాఠము

మన పాఠశాల వార్షిక సంచికలో విద్యార్థుల తలిదండ్రులకై యొక విజ్ఞాన విషయమును వివరించుట మాకు వాడుక. ఈ యేడు మేము తీసికొన్న విషయము కొందరికి వింతగా తోచవచ్చును. అది కారుయొక్క పొగగొట్టము. ఫ్యాక్టరీవారు అమర్చి పంపిన పొగగొట్టమును తీసివేసి వేరొకదానిని బిగించుకొనవచ్చునా, కూడదా యనునదే మన ప్రశ్న.

ఈ ప్రశ్న మన యిండ్లకు దూరమైనది కాదు. నాందేడు నగరమున 2008లో జరిగిన గురుతా గద్దీ త్రిశతాబ్ది యుత్సవముల నాటికి రహదారులు వెడల్పయినవి. ఆ రహదారులమీద నేడు టర్బో ఇంజనులు గల చురుకైన కార్లు తిరుగుచున్నవి. మన పాఠశాలలో చదివి, పూనా, హైదరాబాదు నగరములలో ఉద్యోగములు చేయుచున్న పిల్లలు అటువంటి కార్లను కొని పండుగలకు ఇంటికి వచ్చుచున్నారు. కారు లేనివారికి బుల్లెట్ మోటారు సైకిలు కలదు. దాని సైలెన్సరును తీసి పెద్ద చప్పుడు చేయు గొట్టమును బిగించుటను మన మరాఠీ సోదరులు ‘పుంగళీ’ అని పిలుతురు. “బాపూ, పుంగళీ మార్పిస్తే బండి మస్తు ఉరుకుతది” అని కుమారుడు అడిగినప్పుడు తండ్రి ఏమని సమాధానము చెప్పవలెను?

ఊరక వద్దని కసరుట సులభమే. కాని విషయము తెలియక వద్దన్నను, తెలియక సరేయన్నను ఫలితమొక్కటే; కుమారుడు మన మాటకు విలువ నీయడు. కావున ముందుగా ఆ గొట్టము ఏమి పని చేయుచున్నదో తెలిసికొందము.

చప్పుడు ఎట్లు పుట్టుచున్నది?

పెట్రోలు ఇంజను నాలుగు అంచెలుగా పనిచేయును: గాలిని, ఇంధనమును లోనికి పీల్చుట, దానిని నొక్కుట, మండించుట, కాలిన వాయువును వెలుపలికి నెట్టుట. నాలుగవ అంచెలో ద్వారము తెరచుకొనగానే, లోపల బిగబట్టియున్న వేడి వాయువు ఒక్కసారిగా బయటికి దూకును. ఆ దూకుటయే చప్పుడు. బెలూనును సూదితో గ్రుచ్చినప్పుడు వచ్చు ధ్వనియు ఇట్టిదే.

మీ పిల్లలచేత ఈ లెక్క చేయించుడు. ప్రతి సిలిండరులోను ఇరుసు రెండుమార్లు తిరుగుటకు ఒక దూకుడు జరుగును. బుల్లెట్ వంటి ఒక్క సిలిండరు బండి నిలచియుండగా నిమిషమునకు సుమారు 1000 చుట్లు తిరిగినచో, నిమిషమునకు 500, అనగా సెకనుకు ఇంచుమించు 8 దూకుడులు. అందుచేతనే దాని ‘డబ డబ’ శబ్దమును మనము చెవితో లెక్కింపగలుగుచున్నాము. మూడు సిలిండర్ల కారు నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు సెకనుకు 75 దూకుడులు జరుగును. అప్పుడవి విడివిడిగా వినబడవు. ఒకే గర్జనగా కలిసిపోవును.

గొట్టమువెంట ఒక ప్రయాణము

ఇక కాలిన వాయువుతో పాటు మనమును ఇంజను నుండి కారు తోకవరకు పోదము.

మొదట వచ్చునది మేనిఫోల్డు. అన్ని సిలిండర్ల వాయువును ఒకచోటికి చేర్చు చేతివ్రేళ్ళవంటి గొట్టముల సముదాయమిది. పూర్తి జోరున నడచునప్పుడు ఇచ్చటి వాయువు 800 డిగ్రీల సెంటిగ్రేడును దాటవచ్చును. టర్బో గల కార్లలో ఈ వాయువు ఒక చిన్న చక్రమును త్రిప్పును. ఆ చక్రము మరియొక చక్రమును త్రిప్పి, ఇంజనులోనికి అధికముగా గాలిని నెట్టును. వృథాగా పోవు శక్తితో పని చేయించుకొను ఉపాయమిది. చిన్న ఇంజను పెద్ద బలమునిచ్చుటకు ఇదియే కారణము.

తరువాత వచ్చునది క్యాటలిటిక్ కన్వర్టరు. దీని లోపల తేనెపట్టువలె సన్నని రంధ్రములు గల పింగాణివంటి దిమ్మ యుండును. చదరపు అంగుళమునకు వందలకొలది రంధ్రములుండును. వాని గోడలపై ప్లాటినము, పెలేడియము, రోడియము అను విలువైన లోహముల పలుచని పూత కలదు. సుమారు 300 డిగ్రీల వేడి యెక్కిన పిమ్మట ఇది చక్కగా పనిచేయును. విషమగు కార్బన్ మోనాక్సైడును కార్బన్ డయాక్సైడుగాను, కాలకుండ మిగిలిన ఇంధనపు టావిరిని నీరు, కార్బన్ డయాక్సైడులుగాను, నైట్రోజన్ ఆక్సైడులను మరల నైట్రోజనుగాను మార్చును. దీనికి ముందొకటి, వెనుకనొకటి ఆక్సిజన్ సెన్సరులుండును. ఇవి వాయువును రుచిచూచి ఇంజను కంప్యూటరునకు వర్తమానము పంపు చారులు.

అటుపిమ్మట కొన్ని కార్లలో రెసొనేటరు అను డబ్బా యుండును. ఇంజను ఒకానొక వేగమున నడచునప్పుడు కారులోపల పుట్టు రొదను ఇది అణచును. చివర మఫ్లరు, అనగా మనము సామాన్యముగా సైలెన్సరు అనునది. దానిలో గదులు, చిల్లులు గల గొట్టములు, కొన్నిట గాజునూలు ఉండును. ధ్వని తరంగము ఒక గోడను తాకి వెనుకకు మరలి, ఎదురుగా వచ్చు మరియొక తరంగముతో ఢీకొని రెండును చల్లారును. ఈ యుపాయము క్రొత్తది కాదు. మోటారు బండ్ల తొలి దినములలోనే, 1897లో, అమెరికాలో రీవ్స్ సోదరులు ఇట్టి సాధనమునకు పేటెంటు పొందియుండిరి.

ఒక దురభిప్రాయము

“ఇంజనుకు వెనుక ఒత్తిడి అవసరము, అది లేనిచో బలము తగ్గును” అని కొందరు మెకానిక్కులు చెప్పుదురు. “గొట్టమెంత లావుగా నున్న అంత బలము” అని మరికొందరు చెప్పుదురు. ఈ రెండును పూర్తి సత్యములు కావు. ఇంజనుకు కావలసినది ఒత్తిడి కాదు. వాయువు వడిగా పోవుట. వడిగా పోవు వాయువు తన వెనుక కొంత వెలితిని ఏర్పరచును. ఆ వెలితి సిలిండరులో మిగిలిన వాయువును కూడ లాగివేయును. గొట్టము మితిమీరి లావైనచో, కాలువ వెడల్పయినకొలది నీటి వడి తగ్గినట్లు, వాయువు మందగించును. అప్పుడు తక్కువ వేగమున బండి లాగు బలము తగ్గవచ్చును. వజీరాబాదు బజారులో ఆగుచు సాగుచు నడుపువానికి కావలసినది ఆ బలమే గదా! ఫ్యాక్టరీ ఇంజనీర్లు ఈ గొట్టపు కొలతలను లెక్కగట్టి నిర్ణయింతురు. అందరి యవసరములకు సరిపడునట్లు చేసిన నిర్ణయము గాన, అందు కొంత రాజీ యుండుట నిజమే. కాని అది అజ్ఞానమువలన జరిగినది కాదు.

లాభము ఎచ్చట, నష్టము ఎచ్చట?

గొట్టము మార్చినందువలన ఏమియు లాభము లేదని మేము చెప్పము. అట్లు చెప్పిన అసత్యమగును. టర్బో కారులో టర్బోకు వెంటనే వెనుక నున్న భాగమును, అనగా కన్వర్టరు గల డౌన్ పైపును మార్చి, కంప్యూటరు లెక్కలను తిరుగ వ్రాసినచో ఇంజను బలము నిజముగా పెరుగును. పందెపు కార్లలో ఇదియే చేయుదురు. చివరనున్న మఫ్లరును మాత్రము మార్చినచో బలము పెరుగుట అత్యల్పము, పెరుగునది చప్పుడే.

ఇచ్చటనే యీ సమస్యయొక్క ముడి కలదు. బలము ఎక్కడ దొరకునో అక్కడ విషమును శుద్ధి చేయు భాగమున్నది. దానిని తీసినగాని చెప్పుకోదగిన బలము రాదు. దానిని తీసిన యెడల అది రహదారిపై నడువదగిన కారే కాదు. విషశుద్ధికి హాని లేని చోట, అనగా తోకభాగమున, చప్పుడు తప్ప మరేమియు దొరకదు. బలమును, శుద్ధిని, నిశ్శబ్దమును మూటిని ఒక్క గొట్టముతో పొందుట సాధ్యము కాదు. దుకాణదారు ఈ మాట చెప్పడు. తండ్రి చెప్పవలెను.

చప్పుడున్న వేగమున్నదనుటయు భ్రమయే. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున ఫార్ములా ఈ పందెము జరిగినది. ఆ కార్లు విద్యుత్తుతో నడచునవి. గంటకు 320 కిలోమీటర్ల వేగమునకు తగినట్లు నిర్మింపబడినవి. వానిలో ఒక్కదానికిని పొగగొట్టమే లేదు!

చప్పుడు మూల్యమును ఎవరు చెల్లింతురు?

ధ్వనిని డెసిబెల్లులలో కొలుతురు. ఈ కొలతలో ఒక చమత్కారము కలదు. 10 డెసిబెల్లులు పెరిగిన ధ్వనిశక్తి పదింతలగును. 20 పెరిగిన నూరింతలగును. 2005 నాటికి అమలులోనికి వచ్చిన తయారీ నిబంధనల ప్రకారము సామాన్యమైన కారు పరీక్షలో 74 డెసిబెల్లులను, 175 సి.సి.కి మించిన మోటారు సైకిలు 80 డెసిబెల్లులను దాటరాదు. మాటవరసకు గొట్టము మార్చిన యొక కారు 94 డెసిబెల్లుల ధ్వని చేసినదనుకొందము. అది 74 డెసిబెల్లుల కార్లు నూరు కలిసి చేయు ధ్వనిశక్తికి సమానము. ఒక్క యువకుని సరదాకై వీధివారు నూరు కార్ల రొదను భరింపవలసివచ్చును.

2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారము నివాస ప్రదేశములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు పరిమితి. ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానముల చుట్టును 100 మీటర్లకు తక్కువ గాని ప్రదేశమును ప్రభుత్వము నిశ్శబ్ద ప్రాంతముగా ప్రకటింపవచ్చును. అచ్చట పగలు 50, రాత్రి 40 మాత్రమే. తరగతిగదిలో ఉపాధ్యాయుడు వాక్యము మధ్యలో నుండగా ఇట్టి బండి ఒకటి పోయినచో, వెనుక బల్లపై నున్న బాలునికి ఆ వాక్యము చేరదు. మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, హిందీ మాటలాడుచు, పాఠ్యపుస్తకపు తెలుగును బడిలోనే వినువారు. వారికి ఒక వాక్యము పోవుట చిన్న నష్టము కాదు. రోగులకు, పసిపాపలకు, వృద్ధులకు కలుగు బాధను వేరుగ చెప్పనక్కరలేదు.

నడుపువాని చెవికిని క్షేమము లేదు. 85 డెసిబెల్లుల ధ్వనిని దినమునకు 8 గంటలకు మించి వినరాదని కర్మాగారముల ఆరోగ్యశాస్త్రము చెప్పుచున్నది. ప్రతి 3 డెసిబెల్లులకు ఆ వ్యవధి సగమగును: 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. పోయిన వినికిడి మరల రాదు.

విషము మాట

కన్వర్టరు తీసివేసిన కారు కంటికి వేరుగ కనబడదు. పొగ నల్లగా రాదు గాన హాని లేదని అనుకొందురు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని హిమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుదానికంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా దీనిని పట్టుకొనును. అతుకులు సరిగా వేయని గొట్టమునుండి ఈ వాయువు కారులోనికి చొరబడినచో, అద్దములు మూసి ప్రయాణము చేయువారికి ప్రాణాపాయము. తలనొప్పి, వికారము, నిద్రమత్తు దీని తొలి గుర్తులు.

1995 ఏప్రిల్ నుండి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములలో అమ్ము క్రొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు తప్పనిసరి చేయబడెను. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట భారత్ స్టేజి 6 ప్రమాణములు అమలయినవి. ఇప్పటి కార్లలో కన్వర్టరు పని చేయనిచో సెన్సరు గ్రహించి, నడుపువాని యెదుట హెచ్చరిక దీపము వెలిగించును. ఆ దీపమును కంప్యూటరు మాయతో ఆర్పివేయువారు కలరు. జ్వరము వచ్చినప్పుడు ధర్మామీటరును పగులగొట్టుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

చట్టమేమి చెప్పుచున్నది?

1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రములో చేరిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానమును ఈ సంగతినే స్పష్టపరచినది. ప్రతి మోటారు వాహనమునకు ధ్వనిని తగ్గించు సైలెన్సరు ఉండితీరవలెనని కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 120వది శాసించుచున్నది.

2019 సవరణతో శిక్షలు పెరిగినవి. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు మాసముల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పునకు 5000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ధ్వని, వాయు కాలుష్య ప్రమాణములను మీరి బండి నడిపినవానికి మొదటి తప్పునకే మూడు మాసముల వరకు జైలు గాని, 10,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని కలుగవచ్చును. మూడు మాసములు లైసెన్సు అర్హతయు పోవును. 2021 జూలైలో అలహాబాదు ఉన్నత న్యాయస్థానము మార్చిన సైలెన్సర్ల రొదను తనంత తానే విచారణకు తీసికొనెను. పెక్కు నగరములలో పోలీసులు పట్టుకొన్న గొట్టములను రోడ్డురోలరు క్రింద నలుగగొట్టించుచున్నారు. ‘ఎం.హెచ్. 26’ అంకెతో తిరుగు మన నాందేడు బండ్లకును చట్టమొక్కటే.

తలిదండ్రులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది 199ఏ సెక్షను. పదునెనిమిదేండ్లు నిండని బాలుడు బండి నడిపి నేరము చేసినచో, సంరక్షకుని లేక యజమానినే నేరస్థునిగా భావింతురు. తనకు తెలియకుండ జరిగినదనియో, తగిన జాగ్రత్త తీసికొంటిననియో అతడే నిరూపించుకొనవలెను. మూడు సంవత్సరముల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, పండ్రెండు మాసములు ఆ వాహనపు రిజిస్ట్రేషను రద్దు, ఆ బాలునికి ఇరువదియైదేండ్లు వచ్చువరకు లైసెన్సునకు అనర్హత — ఇవి దాని ఫలములు.

నిర్ణయమెట్లు చేయవలెను?

ఇప్పుడు వేరువేరు సందర్భములను విడదీసి చూతము.

ఒకటి: ఫ్యాక్టరీ గొట్టము త్రుప్పుపట్టి చిల్లుపడినది. దీనిని తప్పక మార్చవలెను. అదే కంపెనీ, అదే నమూనాకు చెందిన భాగమునే వేయించవలెను. ఇది మార్పు కాదు, మరమ్మతు.

రెండు: కుమారునికి గంభీరమైన ధ్వనియందు మక్కువ. ఇది నేరము కాదు. కాని అట్టివాడు కొనునప్పుడే అట్టి కారును ఎన్నుకొనవలెను. 2021లో మన దేశమున విడుదలయిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కారులో తయారీదారే గొట్టపు ధ్వనిని సవరించి, పరీక్షలలో నెగ్గించి అమ్మెను. ముచ్చట తీరును, చట్టమును నిలుచును.

మూడు: బలమే కావలెను. అట్లయిన దానికి తగిన స్థలము పందెపు మైదానము. మద్రాసు సమీపమున ఇరుంగట్టుకోట్టయిలోను, కోయంబత్తూరులోను అట్టివి కలవు. పందెమునకే కేటాయించి, రహదారిపై త్రిప్పని కారునకు ఏ గొట్టము వేసినను మనకు అభ్యంతరము లేదు.

నాలుగు: పాతకారు కొనగా అందులో గొట్టము ముందే మార్చబడియున్నది. బేరమాడునప్పుడే అసలు గొట్టమును అడిగి తీసికొనవలెను. లేనిచో దాని వెల తగ్గించి, తిరిగి వేయించవలెను. కొన్నవాడే యజమాని గాన చట్టము అతనినే అడుగును.

వీటికి వెలుపల, దినమును రహదారిపై నడుచు కారునకు చక్కగానున్న గొట్టమును తీసి వేరొకటి వేయుటను గూర్చి మా యభిప్రాయము ఒక్కటే: వద్దు.

ఇంకను కుమారుడు పట్టుపట్టినచో, దుకాణమునకు వెంట పోయి ఈ ప్రశ్నలు అడుగుడు. ఈ భాగము కన్వర్టరును తీసివేయునా? దీనిని బిగించిన పిమ్మట డెసిబెల్లులు ఎన్ని యని వ్రాసి యిచ్చెదరా? రహదారిపై వాడుటకు అనుమతి పత్రము కలదా? ఇంజను చెడినచో కంపెనీ వారంటీ చెల్లునా? ప్రమాదము జరిగినచో, మార్పును తెలుపలేదని ఇన్సూరెన్సువారు తిరస్కరించిన ఎవరు బాధ్యులు? తీసిన అసలు భాగమును మాకు తిరిగి యిచ్చెదరా? ఈ కడపటి ప్రశ్నను మరువవలదు. కన్వర్టరులో విలువైన లోహములున్నవి గనుక, దానిని ‘పాత ఇనుము’ అని చెప్పి ఉంచుకొనువారు కలరు. ఈ యారు ప్రశ్నలకు కాగితముపై సమాధానము రానిచో, కుమారుడే తన చెవులతో విని నిర్ణయించుకొనును.

ఒక చిన్న ఆరోగ్య సూత్రమును చెప్పి ముగింతుము. గొట్టము మార్చకున్నను దానిని పరీక్షించుట మరువరాదు. వర్షాకాలము ముగిసిన తరువాత బండిని ఎత్తించి, త్రుప్పును, అతుకులను, వ్రేలాడదీయు రబ్బరులను చూపించవలెను. ఎండకాలమున ఎండుగడ్డిపైన, కోసిన జొన్నచేని మోళ్ళపైన కారును నిలుపరాదు. కన్వర్టరు వేడికి గడ్డి అంటుకొనవచ్చును. తలుపులు మూసిన షెడ్డులో ఇంజనును నడిపియుంచరాదు. ఈ మూడును పాటించిన చాలు. ఫ్యాక్టరీ గొట్టము చిరకాలము తన పని తాను చేయును. కారును మెచ్చుకొనదలచినవారు దాని నడకను చూచి మెచ్చుకొందురు. వీధివారు మన కుమారుని దీవింతురు.